పలుకని అక్షరములు

మదనపల్లె థియసాఫికల్ కళాశాలకు 1919లో అధ్యక్షుడు ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్. అట్టివారు ఆంగ్లము బోధించిన ఊరనైనను, 'డౌట్' అను మాటలో బీ అక్షరమును పలికిన బాలుని చూచి తరగతి నవ్వక మానదు. వాని తప్పేమి? వ్రాసినదెల్ల పలుకవలెనన్నది మనము ఓనమాలతో నేర్చిన న్యాయము.

నిజమునకు ఆ బీ మొదట మాటలోనే లేదు. ఫ్రెంచినుండి వచ్చిన మాటకు లాటిను మూలమును చూపుటకై పండితులు దానిని చొప్పించిరి. 'ఐలండ్'లోని ఎస్ మరింత అన్యాయము; లాటినుతో చుట్టరికమే లేని మాటకు పొరపాటున అంటినది. 'నైఫ్' మొదటనున్న కే సంగతి వేరు. దానిని ఒకప్పుడు అందరును పలికెడివారు. సుమారు మూడువందల యేండ్ల క్రిందట నోటినుండి జారినది, వ్రాతలో నిలిచినది.

మన అరసున్నయు ఇట్టిదే కదా! వాఁడు, వీఁడు అని వ్రాసి, వాడు, వీడు అనియే చదివెడివారము. ముక్కుతో పలికిన నాటి గుర్తు అది.

మైకు ముందు మేమును 'డౌట్' అనియే పలుకుదుము, వాడుక అట్టిది. ఉపాధ్యాయులకు మా మనవి యొక్కటే: బీ పలికిన బాలుని చూచి నవ్వక, ఆ యక్షరము వచ్చిన దారి చెప్పుడు. కే పలికినవానితో మాత్రము, 'నీవు పాత ఆంగ్లము మాటలాడితివి' అనవచ్చును.