చిత్రకళాశాల నేర్పు విద్య

(ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగము)

కుంచె పట్టి యెరుగని న్యాయవాదులము, మేము చిత్రకళాశాలలను గూర్చి మాటలాడుట సాహసమే. అయినను పిల్లలను అట్టి చదువునకు పంపదలచిన కొందరు పెద్దలు, అచ్చట ఏమి నేర్పుదురని మమ్మడిగిరి. గీతయు, వర్ణమేళనమును, వెలుగునీడలును నేర్పుదురు. అది ప్రణాళికలోని మాట. ప్రణాళికలో వ్రాయని పాఠము మరియొకటి కలదు: దేనిముందు తల వంచవలెను, దేనిని చూడకయే త్రోసివేయవలెను అనునది.

ఇందులకు సాక్ష్యము కలకత్తాలో దొరకును. మదరాసులో 1850లో అలెగ్జాండరు హంటరు అను వైద్యుడు చిత్రకళాశాలను స్థాపించెను. పిమ్మట కలకత్తా, బొంబాయిలందును అట్టివి వెలసెను. విద్యార్థులు గ్రీకు విగ్రహముల ప్లాస్టరు ప్రతిమలను ముందిడుకొని ఏండ్లతరబడి గీయుచుండిరి. 1896లో కలకత్తా కళాశాలకు అధ్యక్షుడుగా వచ్చిన హావెలు దొర ఈ పద్ధతిని మార్చ నెంచెను. కొంతకాలమునకు అచ్చటి చిత్రశాలలోని ఐరోపా పటములను తొలగించి మొగలు చిత్రములను చేర్చెను. అడ్డుపడినదెవరు? విద్యార్థులును, మన దేశీయ పత్రికలును! ఉత్తమవిద్యను మనకు దక్కనీయకుండుటకే దొర యీ యెత్తు వేసెనని వారి యనుమానము. పరాధీనులకు అట్టి యనుమానము కలుగుట వింత గాదు. వారిని వెక్కిరించుటకు మాకు మనసు రాదు. కాని తాతల చిత్రములను తెచ్చి యిచ్చినవానిని పగవానిగా నెంచునంతగా ఆ పాఠము నాటుకొనెను గదా! పరీక్షలో ఆ ప్రశ్న ఎన్నడును ఇయ్యలేదు, అందరును ఉత్తీర్ణులైరి.

మా సంగతియు అంతే. న్యాయకళాశాలలో మేము చట్టము కొంత నేర్చితిమి. తెలుగున వాదించుట తక్కువతనమనియు నేర్చితిమి. చట్టము మరచుట సులభము, రెండవది మరచుటకు చాలయేండ్లు పట్టినది.

రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావుగారు బొంబాయి జె.జె. కళాశాలలో చదివిరి. వారి ప్రతిభను మొదట గుర్తించి ప్రోత్సహించినవాడు రాజమహేంద్రవరపు కళాశాలాధ్యక్షుడు కూల్డ్రే దొర. ఆంగ్లేయుడైనను ఈ మాట చెప్పుట న్యాయము. రామారావుగారు బొంబాయి నేర్పిన అంగనిర్మాణ జ్ఞానమును పారవేయలేదు. దానిని మన కథలకును, మన స్త్రీల రూపమునకును వినియోగించిరి. స్వస్థలమునకు మరలివచ్చి చిత్రకళాశాల నెలకొల్పిరి. 1925లో, 28 యేండ్లు నిండకమునుపే, మశూచికము వారిని గొనిపోయెను. వరదా వెంకటరత్నముగారు మొదలగువారు ఆ పనిని విడువలేదు. నైపుణ్యము పరదేశపుదైనను చూపు మనదిగా నుండవచ్చునని ఆ యింటి పటములను చూచిన మాకు తోచినది.

1938లో హరిపుర కాంగ్రెసుకు గాంధీజీ కోరికపై నందలాల్ బోసు పటములు వ్రాసెను. అందు డోలు వాయించువాడు, వడ్రంగి, చెప్పులు కుట్టువాడు కలరు. త్రోవను పోవు పల్లెవాడు నిలిచి చూడవలెనని గీతలు పెద్దవిగ వేసెను.

పిల్లవానిని పంపుటకు ముందు మీరొక దినము ఆ కళాశాలకు పొండు. జీతమెంత, ఉద్యోగము వచ్చునా అని తరువాత అడుగవచ్చును. మీ యూరి వడ్రంగిని గీచి తెచ్చిన పిల్లవానితో అచ్చటి గురువు ఏమి పలుకునో, ఆ మూలనే నిలిచి వినుడు.