మంచు బరువుకు కూలిన టవర్లు



తుపాను వస్తే కరెంటు పోతుందని మన కోస్తా వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ స్తంభాలను పడగొట్టేది గాలి. కెనడాలోని క్యూబెక్‌లో 1998 జనవరిలో ఆ పని చేసింది వాన.

నేలను ఆనుకుని గడ్డకట్టే చలి, దాని పైన కాస్త వెచ్చని గాలి పొర ఉంటే ఇలాంటి వాన పడుతుంది. పైపొరలో మంచు కరిగి చినుకవుతుంది. కిందికి వచ్చేసరికి ఆ చినుకు సున్నా డిగ్రీల కంటే చల్లబడినా నీరుగానే ఉంటుంది. తీగనో కొమ్మనో తాకిందా, అక్కడికక్కడే గడ్డ!

ఆ వాన ఆగుతూ ఆగుతూ ఐదారు రోజులు కురిసింది. పొర మీద పొర పేరుకున్న మంచు బరువుకు సుమారు వెయ్యి ఉక్కు టవర్లు కూలాయి. ఒకటి ఒరిగితే తీగలు పక్కదాన్నీ లాగేశాయి. కొయ్య స్తంభాలైతే వేలకు వేలు. సాయానికి సైన్యం దిగింది. అయినా మాంట్రియల్‌కు దక్షిణాన కొన్ని ఊళ్లకు కరెంటు రావడానికి వారాలు పట్టింది.

అక్కడ చాలా ఇళ్లను వెచ్చబరిచేది కరెంటే. అది పోతే చీకటి కంటే చలి ప్రమాదం. చలికి తాళలేక ఇంట్లోనే బొగ్గులు రాజేసినా, జనరేటర్ నడిపినా కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుంటుంది. దానికి రంగూ వాసనా లేవు. ప్రాణం తీస్తుంది.

చలిదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఈ ఒక్క మాట ఇవాళే ఫోన్ చేసి చెప్పండి: జనరేటర్‌ను ఆరుబయటే, కిటికీలకు దూరంగా పెట్టుకోవాలి.