అనుమతి లేదనెడి యంత్రము



నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు ఛందస్సు చెప్పి విశ్రాంతి పొందినవాడను. కంప్యూటరును గూర్చి మాటలాడుటకు నాకేమి యధికారమని మీరడుగవచ్చును. ఆ యధికారమనెడి మాటయే నేటి ప్రసంగమునకు విషయము.

మా ఆత్రేయపురపు పూతరేకులకు 2023వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. మా వీధిలో రేకులు తీయు కొందరు ఇల్లాండ్ర కూలిలెక్కలు నేను వ్రాసిపెట్టుచుందును. తీసిన రేకుల సంఖ్యనుబట్టి కూలి. నా పూర్వశిష్యుడొకడు ఈ లెక్కలకై ఒక చిన్న ప్రోగ్రామును రచించి పెన్‌డ్రైవులో పెట్టి పంపెను. దానిని లెక్కల ఫోల్డరులోనికి నకలు తీసితిని. మా యింటి కంప్యూటరు లినక్సు పద్ధతిది. సంక్రాంతికి ముందునాటి సాయంకాలము, అరుగుమీద పదునొకండుగురు స్త్రీలు కూలికై కూర్చుండియుండగా, ప్రోగ్రామును నడుపబోతిని. "పర్మిషన్ డినైడ్" అని తెరపై పడినది. అనగా అనుమతి లేదని. యంత్రము నాది, కరెంటు బిల్లు నాది, అనుమతి మాత్రము లేదట!

పక్కవీధి కుర్రవాడొకడు వచ్చి, ఆ ఫోల్డరునకును, అందలి సమస్తమునకును "మూడు ఏడులు" ఇచ్చి చక్కబోయినాడు. ప్రోగ్రాము నడిచినది. కూలి పంచితిని. కుర్రవానికి రెండు పూతరేకులు కూడ పెట్టితిని. పదునైదు దినములకు మా మనుమడు తన ప్రవేశనామముతో ఆ యంత్రమునందు ప్రవేశించి, ఆటలకు చోటు చాలలేదని, నా లెక్కల ఫైలును చెరిపివైచెను. పూర్వమైనచో యంత్రమే వానిని వారించియుండును. వారింపవలదని దానికి చెప్పినది మేమే గదా!

ఆ మూడు ఏడులకు అర్థమేమో అప్పుడు కూర్చుండి నేర్చుకొంటిని. 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారలు యూనిక్సు అను పద్ధతిని ఆరంభించిరి. ఒక్క యంత్రమును పలువురు వాడుకొను కాలమది. ఒకరి వ్రాత నింకొకరు చెరుపకుండ కట్టుబాటు కావలసివచ్చినది. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు వెలువరించిన లినక్సునకును ఆ కట్టుబాటే సంక్రమించినది.

ప్రతి ఫైలునకును మూడధికారములు: చదువుట, వ్రాయుట, నడుపుట. వానికి గుర్తులు ఆర్, డబ్ల్యూ, ఎక్స్ అను అక్షరములు. అధికారము లేనిచోట అడ్డుగీత యుండును. ఈ మూడును యజమానికొకసారి, అతని జట్టునకొకసారి, తక్కిన లోకమునకొకసారి చెప్పబడును. అక్షరమును గురువనుకొనుడు, అడ్డుగీతను లఘువనుకొనుడు. మూడు స్థానములు, ఎనిమిది విధములు. ఇవి మన య-మ-త-ర-జ-భ-న-స గణములు గాక మరేమి? చదువునకు 4, వ్రాతకు 2, నడుపుటకు 1 చొప్పున కూడినచో మూడు గురువుల మగణము 7, మూడు లఘువుల నగణము 0. ఇది చూచి నేను పొందిన సంతోషము మీకు చెప్పజాలను. పింగళుని శాస్త్రము చదివినవానికి ఇందు క్రొత్త యేమియు లేదు.

నేను నకలు తీసిన ప్రోగ్రాము గుర్తులు 644, అనగా త-భ-భ. యజమాని చదువవచ్చును, వ్రాయవచ్చును. నడుపుటకు ఎవ్వరికిని అధికారము లేదు. లోపమంతయు ఒక్క లఘువునందే యున్నది. దానిని గురువు చేసిన చాలును. కుర్రవాడు మ-మ-మ చేసి లోకమునకెల్ల వ్రాతాధికారము కూడ ధారపోసినాడు. ఇంకొక రహస్యము: ఫైలును చెరుపుటకు ఆ ఫైలుపై గాక, అది యున్న ఫోల్డరుపై వ్రాతాధికారము కావలయును. నా ఫోల్డరు కూడ మ-మ-మ యైనందుననే మనుమని పని సాగినది.

కావున ఇట్టి చిక్కు వచ్చినచో తొందరపడక, ముందు గుర్తులను చూడుడు. ఎల్, ఎస్, ఖాళీ, అడ్డుగీత, ఎల్ అని టైపు చేసినచో అవి కనబడును. పిదప సి-హెచ్-మోడ్, ఖాళీ, యు ప్లస్ ఎక్స్, ఖాళీ, ఫైలు పేరు. యజమానికి మాత్రము నడుపుటకు అధికారము వచ్చును. టైపు చేయుట కష్టమైనవారు ఫైలుపై కుడిమీట నొక్కి, ప్రాపర్టీసులో పర్మిషన్సు క్రింద దానిని మార్చవచ్చును. అయితే ఆ ప్రోగ్రామును పంపినవాడెవడో తెలియకున్నచో ఈ అధికారము నొసగకుడు. పెన్‌డ్రైవులపై తరచుగనుండు ఫ్యాట్ పద్ధతిలో ఈ గుర్తులు వ్రాసికొనుటకే చోటు లేదు. అందుచేత నకలు తీసిన తరువాతనే ఈ పని చేయవలయును.

మరియొకనాడు ప్రోగ్రామునకు నడుపు గుర్తుండియు అదే తిరస్కారము వచ్చినది. మా లొల్ల లాకులను మీలో కొందరెరుగుదురు. కాలువలలో పడవలు నడచిన దినములలో, సరుకెంత సరిగానున్నను, దారిలో ఒక్క లాకు తెరువనిచో పడవ కదలెడిది కాదు. ఫోల్డరులును అట్టివే. ఫోల్డరుపై ఎక్స్ గుర్తునకు లోనికి పోవు దారి యని అర్థము. ఆ కుర్రవాడు "సూడో" అను మాట చేర్చి, రూట్ అను సర్వాధికారి పేర ఒక ఫోల్డరు సృష్టించి, ఇతరులకు మూసి, ప్రోగ్రామును అందులోనికి మార్చియుండెను. పైనుండి ఒక్కొక్క ఫోల్డరునే పరీక్షించి, సి-హెచ్-ఓన్ అను ఆజ్ఞతో యాజమాన్యమును నా పేరికి మరల్చగా దారి తెరచుకొన్నది.

విండోసు వాడువారికి వచ్చు మాట "యాక్సెస్ ఈజ్ డినైడ్". అక్కడి ఏర్పాటు వేరు, ఈ గణములు పనికిరావు. ఇంటర్నెట్టునుండి దింపిన ఫైలునకు ప్రాపర్టీసులో "అన్‌బ్లాక్" అను గడి కనబడవచ్చును. పంపినవారు నమ్మదగినవారైననే దానిని గుర్తింపవలెను.

ఇప్పుడు నా లెక్కల ఫోల్డరు మ-న-న, ప్రోగ్రాము మ-ర-ర. పోయిన లెక్కలను నా చిత్తుపుస్తకమునుండి తిరిగి వ్రాసితిని. ఒక వృద్ధురాలి వద్దకు పోయి సరిచూడగా, ఆమె తన వంటయింటి గోడమీది బొగ్గుగీతలు చూపినది. నా పుస్తకమున రెండువందల రేకులు తక్కువగానున్నవి. గీతలే నిజము. ఆ కూలి చెల్లించి, ఈ యేడు ఆ గోడకు సున్నము వేయింపవలదని చెప్పివచ్చితిని.