బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి

కరీంనగరము వైపున బ్రదుకుతెరువును గూర్చి మాటలాడునపుడు పెద్దలు మూడు మాటలు కలిపి పలుకుదురు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. బాయి యనగా బావి. పొలమున నీరు చాలనివాడు గోదావరిఖని బొగ్గుబావికి పోయెను. మగ్గము సాగనివాడు బొంబాయి మిల్లునకు పోయెను. తరువాతి తరమువాడు విమానమెక్కి అరబ్బు దేశములకు పోయెను. ఇది ప్రాస కొరకు పుట్టిన మాట కాదు. అనేక కుటుంబముల చరిత్ర.

మేము దంపతులము బొంబాయిని చూచుటకై బయలుదేరినవారము కాము. దుబాయిలో పనిచేయుచున్న కుమారుని చూడబోవుచు, రైలు దిగిన ఉదయమునకును విమానమెక్కవలసిన రాత్రికిని నడుమ చిక్కిన ఒక్క పగటిని ఆ నగరమున గడపితిమి. 1995లో దాని పేరు ముంబయిగా మారినను, మా వారి నోట నేటికిని అది బొంబాయియే.

నిజామాబాదు, మన్మాడుల మీదుగా పోయిన రైలు మమ్ము కుర్లాలో దింపినది. సామాను స్టేషనులోని సామానుగదిలో అప్పగించి, లోకల్ బండిలో బోరీబందరు చేరితిమి. 1853 ఏప్రిల్ 16న ఠాణాకు 34 కిలోమీటర్ల దూరము మన దేశపు తొలి ప్రయాణికుల రైలు బయలుదేరినది ఇచటినుండియే. నేడున్న మహాసౌధమును 1878లో మొదలిడి 1888లో ముగించిరి. 2004లో దానిని ప్రపంచ వారసత్వ కట్టడములలో చేర్చిరి. శిఖరమును, రాతిలో మలచిన నెమళ్ళను, ఆకులను తలయెత్తి చూచుచుండగా, పనులకు పరుగెత్తు జనప్రవాహము మమ్ము రెండు మారులు ప్రక్కకు నెట్టినది. ఆ నగరమున నిలుచుండువాడే అందరికిని అడ్డము.

అచటినుండి గేట్‌వే ఆఫ్ ఇండియాకు పోయితిమి. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి ఈ రేవున దిగినందుకు గుర్తుగా తలపెట్టి, 1924లో పూర్తిచేసిన తోరణమిది. ఎత్తు 26 మీటర్లు. రాజులకు స్వాగతముగా కట్టిన ఈ ద్వారముగుండనే 1948 ఫిబ్రవరి 28న చివరి ఆంగ్ల పటాలము నడచిపోయి ఓడయెక్కినది. దానికి అంతకంటె గొప్ప ప్రయోజనము మరియొకటి లేదనిపించినది.

పడవలో ఎలిఫెంటా దీవికి పోయి, కొండను తొలిచి మలచిన మూడు ముఖముల శివుని దర్శింపవలెనని మా కోరిక. తీరా విచారింపగా ఆ దినము సోమవారము. సోమవారములందు గుహలు మూసియుందురట. ముందుగా కనుగొననందుకు మేమొకరినొకరము కొంతసేపు నిందించుకొంటిమి. పిమ్మట మా ఆవిడ, "అయితే వర్లీ పోదము. నాయన ఉన్న తావు చూడలేదు కదా" అనెను.

మా మామగారు సిరిసిల్ల వైపు నేతగాడు. 1961లో పదునెనిమిదేండ్ల ప్రాయమున బొంబాయి మిల్లులో చేరెను. నెలనెల మనియార్డరు వచ్చెడిది. ఏడాదికొకమారు ఆయన వచ్చెడివాడు. మా ఆవిడ బాల్యమున తండ్రియనిన ఆ రెండే.

టాక్సీలో పోవుచు కామాఠీపురా పేరు గల పలకను చూచితిమి. ఆ పేటకు ఆ పేరు నిజాము రాజ్యమునుండి వలసవచ్చిన కామాఠీల వలన కలిగినది. వీరిలో తెలుగువారు మెండు. మట్టి మోసి, రాయి పేర్చి, ఆ నగరమును కట్టినవారిలో వీరును ఉన్నారు. వారి పేరు నిలిచినది ఒక పేటకు మాత్రమే.

వర్లీలోని బి.డి.డి. చాళ్ళు 1920 ప్రాంతపు దశాబ్దిలో కట్టినవి. నగరమున నాలుగు తావులలో ఇట్టివి 207 ఉండెడివి. కొన్నింటిని పడగొట్టి, ఆకాశమంటు భవనములను కట్టుచున్నారు. మిగిలినదానిలోనికి పోయితిమి. నడుమ పొడవైన నడవ, ఇరువైపుల గదులు. గది వైశాల్యము 160 చదరపు అడుగులు. మిల్లుల కాలమున ఇట్టి గదిలో పదిమంది సర్దుకొనెడివారు. పగటి పాళివాడు లేచిన చాపపై రాత్రి పాళివాడు పండుకొనెడివాడు.

తెలుగు మాట విని ఒక వృద్ధుడు గడపలోనికి వచ్చి, "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగెను. ఊరు చెప్పగానే చాయ తెప్పించెను. మా మామగారి పేరు చెప్పితిమి. ఆయన చాలసేపు ఆలోచించి, "యాదికొస్తలేదు బిడ్డా. ఎందరో వచ్చిండ్రు, ఎందరో పోయిండ్రు" అనెను. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పాల్గొనిరి. సమ్మె గెలువలేదు, అనేకమైన మిల్లులు మరల తెరువలేదు. మా మామగారు 1983లో ఇల్లు చేరి, సిరిసిల్లలో సాంచెయని పిలుచు మరమగ్గముపై చివరిదాక పనిచేసెను.

మా ఆవిడ ఆ గదిని అడుగులతో కొలిచి చూచెను. పిమ్మట మెల్లగా, "నాయన ఇంత పెద్ద వాకిట్లో పండుకొన్నను మోకాళ్ళు ముడుచుకొనియే పండుకొనెడివాడు. చలికనుకొంటిని" అనెను. మేము మరేమియు మాటలాడలేదు.

తిరుగుదారిలో లోయరు పరేలు మీదుగా వచ్చితిమి. ఒకప్పటి ఫీనిక్సు మిల్లు ఆవరణమున నేడు మెరుగుటద్దాల అంగళ్ళు. పాత పొగగొట్టమొక్కటి వాటి నడుమ నిలిచియున్నది.

మాకు కలిగిన అనుభవమును బట్టి ఒక్కమాట మనవి చేయుదుము. ఏ మహానగరమందైనను మీకొక్క పగలే చిక్కినచో, సగము సౌధములకిండు. తక్కిన సగమును మీ ఊరివారు, మీ వంశమువారు అచట తలదాచుకొన్న తావునకిండు. తెలిసినవారు కనబడకపోవచ్చును; ఐనను ఇంటికి చేరిన మనియార్డరు వెనుక ఏమున్నదో కొంత తెలియును.

ఆ రాత్రి విమానము మీదికి లేచినపుడు దీపములతో నగరమంతయు ఒక్కమారు కనబడినది. మా ఆవిడ అటు చూడలేదు. "మన వాని గది ఎంత ఉండునో? వాడెట్లు పండుకొనుచున్నాడో?" అని అడిగెను. వాడు రెండేండ్లుగా పంపుచున్న సొమ్ము లెక్క మాకు తెలియును. ఆ సంగతి మాత్రము ఏనాడును అడిగియుండలేదు.