స్పార్కు ప్లగ్గుల మార్పిడి

అమెరికాలో 2011 నమూనా ఫోర్డు ఎఫ్-150 పికప్ ట్రక్కులో ప్రవేశించిన 3.5 లీటర్ల ఎకోబూస్టు ఇంజనుకు ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. టర్బో గాలిని నొక్కి లోనికి పంపును. గాలి చిక్కనైనకొలది నిప్పురవ్వ దానిని దాటుట కష్టము. హెచ్చు వోల్టేజి కావలెను. అందుచే ప్లగ్గు కొనల నడిమి సందు మిల్లీమీటరుకన్న తక్కువగా నుంచుదురు. కొన అరిగి సందు పెరిగినచో, బరువు లాగుచు ఎత్తెక్కునపుడు బండి కుదుపులిచ్చును. దీనిని పెట్రోలు దోషమని పొరబడుట సులభము.

ఇంటివద్ద మార్చువారు ఇంజను పూర్తిగా చల్లారువరకు ఆగవలెను. హెడ్డు అల్యూమినియముది, దాని మర చెడినచో చిన్న పని హెడ్డు విప్పువరకు పోవును. కాయిలు తీసి, గుంటలోని దుమ్మును గాలితో ఊదిన పిమ్మటనే ప్లగ్గు విప్పవలెను. క్రొత్తదానిని మొదట చేతితోనే మరకెక్కించి, చివర టార్కు రెంచితో తయారీదారు చెప్పినంతే బిగింపవలెను. పాతవానిని సిలిండర్ల వరుసలో పేర్చి చూచినచో, నూనె తడి దేనికున్నదో తెలిసి, లోపలి రోగమును కూడ పసిగట్టవచ్చును.