మాయాకథలకో బల్ల

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథల అభిమానులు విదేశాల్లో పెద్ద సమ్మేళనాలు జరుపుకుంటారు. ప్రపంచ సమ్మేళనం 1939లో న్యూయార్క్‌లో మొదలైంది. ఈ సమ్మేళనాలను నడిపేది ఎవరు? జీతానికి పనిచేసేవాళ్లు కాదు, ఇష్టంతో వచ్చే పాఠకులు. వాళ్లలో లైబ్రేరియన్లూ ఉంటారు. ఏ పుస్తకం ఎవరికి నచ్చుతుందో వాళ్లకు బాగా తెలుసు కదా!

ఇష్టంతో చేసే ఈ సేవ మనకూ పాతదే. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయ మహాసభ జరిపించారు. ఊరూరా గ్రంథాలయాలు నిలిచింది ఇలాంటి కార్యకర్తల వల్లనే.

మరి మన మాయాకథల సంగతేమిటి? చందమామలో వచ్చిన ‘తోకచుక్క’ సీరియల్ పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మాంత్రికులు, రాక్షసులు, సాహసాలు! రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. అంత గొప్ప కథలు ఆయన పేరు లేకుండానే అచ్చయ్యాయి. ఆ పేరు మన పిల్లలకు తెలియాలి.

అందుకు మంచి అదను, ఏటా నవంబరు 14 నుంచి జరిగే గ్రంథాలయ వారోత్సవాలు. పొదిలి శ్రోతలూ, మన శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. ఒక్క పూట సాయం చేస్తామని చెప్పండి. మాయాకథలు, అంతరిక్ష కథలు విడిగా ఒక బల్ల మీద పేర్చండి. పిల్లలకు ఒక కథ చదివి వినిపించండి. ఒక్క పూట చాలు, తప్పకుండా వెళ్లండి.