పరీక్ష భర్తతో మొదలవ్వాలి

ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ప్రతి పదిమంది ఆడవాళ్ళలో దాదాపు ఏడుగురు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క ఇది. అదే సర్వేలో ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్ళ లెక్క ఒక్క శాతానికి కూడా చేరలేదు. పోనీ పిల్లలు కలగని ఇళ్ళల్లో చూద్దామంటే, అక్కడా ఆసుపత్రి మెట్లు మొదట ఎక్కేది భార్యే. పిల్లలు చాలనుకున్నా ఆమె ఒంటిమీదే కత్తి, కావాలనుకున్నా ఆమె ఒంటికే సూది. సంతానం గురించి తెలుగునాట ఎంత చర్చ జరిగినా ఈ సంగతి దగ్గరికి రాగానే నోళ్ళు మూతపడతాయి.

మొదటి నుంచీ ఇలా లేదు. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశమంతటా ఎనభై లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు మగవాళ్ళకు చేసిన వేసెక్టమీలు. టార్గెట్లు పెట్టి, జీతాలు ఆపుతామని బెదిరించి చేయించినవి అందులో ఎన్నో. 1977 ఎన్నికల్లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఓడిపోవడానికి ఆ బలవంతం ఒక పెద్ద కారణం. ఆ దెబ్బతో వేసెక్టమీ ఊసెత్తడానికి ప్రభుత్వాలు జంకాయి. కార్యక్రమం మాత్రం ఆగలేదు. ఓట్లపరంగా ఎదురుతిరగని మనిషి మీదికి, అంటే ఇంటి ఇల్లాలి మీదికి మళ్ళింది. వేసెక్టమీ చిన్న పని, కడుపు కోయక్కర్లేదు, కాసేపటికి నడిచి ఇంటికి పోవచ్చు. ఆడవాళ్ళకు చేసే ట్యూబెక్టమీకి కడుపులోకి వెళ్ళాలి. కష్టమైన ఆపరేషన్ ఆమెకు మిగిలింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాన్పులు తగ్గిన తీరుతో జనాభా శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచింది. చదువు పెరిగితే కాన్పులు తగ్గుతాయని కేరళ చూపించింది. ఇక్కడ 1991లో స్త్రీల అక్షరాస్యత 33 శాతం కూడా లేదు, దేశ సగటు 39 శాతం. అయినా 1992-93 నాటికే ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. అప్పటికి దేశ సగటు 3.4. 2019-21 సర్వే నాటికి ఇక్కడి సగటు ఆంధ్రలో 1.7కి, తెలంగాణలో 1.8కి దిగింది. జనాభా తరిగిపోకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. ఈ దిగుదలను విజయంగా చెప్పుకున్నారు. అది ఎవరి మీదుగా వచ్చిన విజయమో కూడా చెప్పుకోవాలి. పద్దెనిమిది నిండీ నిండకుండా పెళ్ళి, వెంటవెంటనే రెండు కాన్పులు, పాతికేళ్ళలోపే ఆపరేషన్. పల్లెల్లో ఒక తరం ఆడవాళ్ళు ఈ వరసలోనే నడిచారు. లూప్, మాత్రలు, నిరోధ్ లాంటి తాత్కాలిక పద్ధతులు చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా వాడలేదు. పాతికేళ్ళకు ఆపరేషన్ అయిన తల్లికి ఆ తర్వాత ఏ ప్రమాదంలోనో, జ్వరంలోనో బిడ్డ దక్కకపోతే, మూసిన ట్యూబులను మళ్ళీ కలిపే రీకెనలైజేషన్ ఆపరేషన్ ఉంది. అది ఫలిస్తుందన్న హామీ లేదు.

ఆ వరసలో ఇంకో మెట్టు కూడా ఉంది. ముప్పై దాటాక తెల్లబట్ట, నడుంనొప్పి, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం. మందులతో తగ్గేవి చాలా ఉన్నా, "పిల్లలు పుట్టారు కదా, గర్భసంచి తీసేస్తే పీడా పోతుంది" అనే సలహా సులువుగా దొరుకుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9. దేశంలో మొదటి స్థానం ఆంధ్రదే. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకల బలం తగ్గుతుంది, గుండెజబ్బు ముప్పు ముందుకు జరుగుతుంది. కూలికి పోయే మనిషికి ఆ నష్టం ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇక రెండో వైపు, పిల్లలు కావాలనుకునేవాళ్ళ సంగతి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. ఇలాంటి జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా లోపం ఉంటుంది. కొందరిలో అతనిదొక్కటే, కొందరిలో ఇద్దరిదీ.

ఈ మాట వైద్యులందరికీ తెలుసు. అయినా ఏ జిల్లా కేంద్రంలోనైనా ఫెర్టిలిటీ సెంటర్ వరండాలో కాసేపు కూర్చుంటే కనిపించేదేమిటి? భార్య ఒళ్ళో లావుపాటి ఫైలు. అందులో థైరాయిడ్ రిపోర్టులు, వరసగా ఫాలిక్యులర్ స్కాన్లు, గర్భాశయంలోకి మందు ఎక్కించి ట్యూబులు చూసే హెచ్‌ఎస్‌జి ఎక్స్‌రే, కొన్నిట్లో ల్యాప్రోస్కోపీ సీడీ కూడా. భర్త కాగితం ఒక్కటీ ఉండదు. అడిగితే, పక్కన కూర్చున్న అత్తగారు "మావాడికేం లోపం లేదమ్మా" అంటుంది. ఆ మాటతో ఆ విషయం అక్కడితో ముగుస్తుంది.

వీర్య పరీక్షకు కత్తి అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి, శాంపిల్ ఇస్తే, గంటలోపు మైక్రోస్కోప్ కింద పెట్టి సంఖ్య, కదలిక, ఆకారం చూస్తారు. ఖర్చు వందల్లోనే. హెచ్‌ఎస్‌జి బల్ల మీద నొప్పి భరించిన ఆడవాళ్ళను అడిగితే తేడా తెలుస్తుంది. భర్తలో లోపం బయటపడినా దాన్ని సరిచేసే దారులు చాలానే ఉన్నాయి. వృషణాల దగ్గర నరాలు ఉబ్బే వేరికోసిల్‌ను ఆపరేషన్‌తో సరిచేయవచ్చు. పొగ, మద్యం మానడం మేలు చేస్తుంది. కండల కోసం జిమ్ముల్లో పొడిపించుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు శుక్రకణాల ఉత్పత్తిని దాదాపు ఆపేస్తాయి. ఈ సంగతి ఆ కుర్రాళ్ళకు ఎవరూ చెప్పడం లేదు. కొత్త కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, అలవాటు మార్చుకున్న ఫలితం మూడు నెలలకు గానీ రిపోర్టులో కనబడదు.

1992లో బ్రస్సెల్స్ వైద్యులు ఒక్క శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతిని లోకానికి చూపించారు. కణాలు బొత్తిగా తక్కువున్న మగవాళ్ళు కూడా తండ్రులవుతున్నారంటే దాని పుణ్యమే. అయితే ఇక్సీలో లోపం భర్తదైనా రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు పడేది, మత్తిచ్చి అండాలు తీసేది భార్యకే. వేరికోసిల్ లాంటిది ముందే కనిపెట్టి ఉంటే కొందరికి ఆ అవసరమే రాదు.

ఆడవాళ్ళ వైపు కారణాలు తక్కువేం కాదు. పీసీఓఎస్, థైరాయిడ్, ఎండోమెట్రియోసిస్ ఉన్నాయి. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి ఒక ముఖ్య కారణం క్షయ. దగ్గు, జ్వరం లేకుండానే అది లోలోపల పాడుచేస్తుంది. ముప్పై అయిదు దాటాక అండాల సంఖ్య, నాణ్యత రెండూ వేగంగా పడిపోతాయి, ఐవీఎఫ్ ఆ వయసును వెనక్కి తేలేదు. చదువు, ఉద్యోగం కోసం పెళ్ళి వాయిదా వేసుకునే అమ్మాయిలకు ఈ నిజం నిందలా కాకుండా సమాచారంలా అందాలి.

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఇంకో రకం కారణం ఉంది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. రెండేళ్ళకోసారి నెలో రెండు నెలలో సెలవు మీద వస్తాడు. పెళ్ళయి అయిదేళ్ళయిందంటారు గానీ, కలిసి బతికిన నెలలు లెక్కిస్తే ఏడాది కూడా నిండదు. ఏడాది పాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతేనే వైద్యం దాన్ని సంతానలేమి అంటుంది. ఊరు అంతదాకా ఆగదు. అతని భార్యను శ్రీమంతానికి పిలవడం మానేస్తుంది, చంటిబిడ్డను ఎత్తుకోనివ్వదు. ఆ అమ్మాయికి మందు రాయడానికి ముందు భర్త ఎన్నాళ్ళు ఇంట్లో ఉన్నాడని అడగాలి.

ప్రభుత్వాల ధోరణీ మారుతోంది. ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎత్తివేసింది. ఎక్కువ మందిని కనమని ఇప్పుడు ముఖ్యమంత్రే పిలుపునిస్తున్నారు. కృత్రిమ గర్భధారణ చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం క్లినిక్కుల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది, చికిత్సకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ళ పరిమితి పెట్టింది. అండాలు ఇచ్చే స్త్రీ జీవితంలో ఒక్కసారే ఇవ్వాలంది. ఇవి మంచి నియమాలు. కానీ వద్దన్నప్పుడు మోసిన మనిషే కావాలన్నప్పుడూ ఒంటరిగా మోయాలంటే అది న్యాయం కాదు.

ఈ సభలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, డాక్టర్లు ఉన్నారు. అందరికీ ఒకటే విన్నపం. ఇద్దరు పిల్లల తల్లి ఆపరేషన్ కోసం వస్తే, వేసెక్టమీ గురించి ఆమె భర్తతో ఒకసారి మాట్లాడండి. పిల్లల్లేరని వచ్చిన జంటను ఇద్దరినీ కూర్చోబెట్టండి. భర్త రిపోర్టు చేతికి వచ్చేదాకా ఆమెకు హెచ్‌ఎస్‌జి రాయకండి.